సివిల్ కేసుకు ఉచిత లాయరు: దరఖాస్తు నుంచి డిక్రీ దాకా

భూమి తగాదా, భరణం, విడాకులు, ఇల్లు ఖాళీ చేయించడం, ప్రామిసరీ నోటు బాకీ, రోడ్డు ప్రమాద పరిహారం. ఇలాంటి కేసుల్లో ఫీజు కట్టలేనివాళ్లకు లాయరును పెట్టే ఏర్పాటు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంది. బోర్డు మీద ‘జిల్లా న్యాయ సేవాధికార సంస్థ’ అని ఉంటుంది, కొన్నిచోట్ల భవనానికి ‘న్యాయ సేవా సదన్’ అని పేరు. కింది ఊళ్లలో కోర్టు ఉన్నచోట మండల న్యాయ సేవల కమిటీ ఉంటుంది. వీటికి ఆధారం 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం. అది అమల్లోకి వచ్చింది 1995 నవంబరు 9న.

ఉచిత లాయరును జైల్లో ఉన్న ముద్దాయిలకే ఇస్తారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చట్టం 12వ సెక్షన్ కేసు వేసేవాళ్లకూ, తమ మీద పడ్డ కేసును ఎదుర్కొనేవాళ్లకూ వర్తిస్తుంది. సివిలా క్రిమినలా అన్న తేడా అందులో లేదు. ఇక్కడ పని చెడేది సాధారణంగా అర్హత దగ్గర కాదు, గడువు దగ్గరా కాగితాల దగ్గరా. అందుకే ఆ రెండింటి గురించే ఎక్కువ చెబుతున్నాం.

మీకు వర్తిస్తుందా?

ఆదాయంతో పని లేకుండా అర్హులయ్యేవాళ్లు వీళ్లు: మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, మనుషుల అక్రమ రవాణాకు లేదా వెట్టికి గురైనవాళ్లు, వరద, కరువు, భూకంపం, పారిశ్రామిక ప్రమాదం, కుల దాడుల బాధితులు, పరిశ్రమల్లోని కార్మికులు, నిర్బంధంలో ఉన్నవాళ్లు. వీళ్లలో ఎవరినైనా కౌంటర్ దగ్గర ‘ఆదాయ సర్టిఫికెట్ తెండి’ అని తిప్పి పంపితే, 12వ సెక్షన్ కింద తాము ఏ వర్గంలోకి వస్తారో చెప్పి దరఖాస్తు తీసుకోమని అడగవచ్చు. ఉద్యోగం చేస్తున్న మహిళ కూడా అర్హురాలే. జీతం అడ్డు కాదు.

మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు, హైకోర్టు కేసులకు ఆ మొత్తాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, మధ్యమధ్య పెంచుతుంది కూడా. సుప్రీంకోర్టు కేసులకు ఏడాదికి 5 లక్షల రూపాయల లోపు. బీసీలు ఒక్క విషయం గమనించాలి: చట్టంలో బీసీలకు విడిగా వర్గం లేదు. బీసీ పురుషుడు కుల సర్టిఫికెట్ తీసుకెళ్తే సరిపోదు, ఆదాయం లెక్కన రావాల్సిందే.

ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవ చుట్టూ, సచివాలయం చుట్టూ వారాల తరబడి తిరగనక్కర్లేదు. మీ ఆదాయం ఇంత అని అఫిడవిట్ ఇస్తే, దాన్ని అనుమానించే కారణం లేనంతవరకు అదే చాలని 13వ సెక్షన్ అంటుంది. సర్టిఫికెట్ తర్వాత ఇస్తామని చెప్పి అఫిడవిట్‌తోనే దరఖాస్తు పెట్టండి.

అర్హతతో పాటు ఇంకొకటి చూస్తారు. కేసులో పైకి చూడగానే కొంతైనా బలం కనిపించాలి. పదిహేనేళ్ల నాటి నోటు మీద ఇప్పుడు దావా వేస్తానంటే ఒప్పుకోరు.

అన్నిటికంటే ముందు తేదీ చూసుకోండి

ఉచిత లాయరు కోసం దరఖాస్తు పెట్టినంత మాత్రాన కోర్టు గడువు ఆగదు. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

సమన్లు వచ్చి ఉంటే కాగితాన్ని నిదానంగా చదవండి. పైన కోర్టు పేరు, దాని కింద ‘ఓ.ఎస్. నం.’ అంటూ కేసు నంబరు, ఏడాది ఉంటాయి. ఓ.ఎస్. అంటే అసలు దావా. ‘ఐ.ఏ.’ అని ఉంటే ఆ దావాలోనే ఇంజంక్షన్ (ఫలానా పని చేయాలనో, చేయకూడదనో కోర్టు ఇచ్చే ఉత్తర్వు) లాంటిది కోరుతూ వేసిన మధ్యంతర పిటిషన్. దావాకు వాయిదా రెండు నెలల తర్వాత ఉన్నా, ఐ.ఏ.కు వారంలోనే ఉండవచ్చు. రెండు కాగితాలూ ఒకే కవరులో వస్తాయి కాబట్టి, దావా తేదీ ఒక్కటే చూసుకుని ఊరుకునేవాళ్ల వెనకాల ఇంజంక్షన్ ఉత్తర్వు వచ్చేస్తుంది. సమన్లు మీ చేతికి అందిన తేదీని కవరు మీద పెన్నుతో రాసి, కవరును దాచండి. మీ జవాబు, అంటే రిటన్ స్టేట్‌మెంట్, దాఖలు చేసే 30 రోజులు ఆ రోజు నుంచే మొదలవుతాయి. కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా ఇవ్వవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

లాయరును కేటాయించేలోపే వాయిదా వచ్చేస్తే ఇంట్లో ఉండిపోవద్దు. మీరే కోర్టుకు వెళ్లి, పేరు పిలిచినప్పుడు నిలబడి, ‘న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకున్నాను, లాయరును ఇచ్చేదాకా గడువు ఇప్పించండి’ అని జడ్జిగారిని అడగండి. దరఖాస్తు రసీదు జిరాక్సు చేతిలో ఉంచుకోండి. పిలిచినప్పుడు ఎవరూ లేకపోతే మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడుపుతారు. ఎక్స్‌పార్టీ డిక్రీ (కోర్టు తుది నిర్ణయం) వచ్చేశాక దాన్ని రద్దు చేయించుకోవడానికి 30 రోజులే గడువు. సమన్లు సరిగా అందకపోతే ఆ 30 రోజులు మీకు తెలిసిన రోజు నుంచి లెక్క.

కేసు వేయాల్సింది మీరే అయితే ఈ గడువులు గుర్తుంచుకోండి:

- ప్రామిసరీ నోటు, చేబదులు బాకీ: 3 ఏళ్లు. ఆ 3 ఏళ్లు దాటకముందే బాకీదారు కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు. గడువు దాటాక రాయించిన చెల్లు ఈ లెక్కకు పనికిరాదు.
- హక్కు ఆధారంగా భూమి స్వాధీనం: 12 ఏళ్లు.
- రోడ్డు ప్రమాద పరిహారం: 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు ట్రిబ్యునల్‌లో వేయాలి.
- ప్రభుత్వం మీద దావా: గడువు వేరే సంగతి, ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 80వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి 2 నెలలు ఆగాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో ఆగకుండా వేయవచ్చు.

అప్పీలుకూ, పిటిషన్‌కూ ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు. దావాకు ఆ వెసులుబాటు లేదు. ఒక్క రోజు దాటినా కొట్టేస్తారు. గడువు దగ్గర పడి ఉంటే దరఖాస్తు మొదటి వాక్యంలోనే ‘నా కేసుకు ఫలానా తేదీతో గడువు ముగుస్తుంది’ అని రాసి, కౌంటర్‌లో నోటితోనూ చెప్పండి.

తీసుకెళ్లాల్సినవి

ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు, మీ వర్గానికి తగిన రుజువు. ఎస్సీ, ఎస్టీలకు కుల సర్టిఫికెట్, వికలాంగులకు సదరం సర్టిఫికెట్, మిగతావాళ్లకు ఆదాయ అఫిడవిట్ లేదా సర్టిఫికెట్, ఉంటే రేషన్ కార్డు. మహిళలకు ఆధార్ ఒక్కటే చాలు.

తర్వాత కేసు కాగితాలు. భూమి కేసైతే పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ లేదా పహాణి, 1బీ, రిజిస్టర్డ్ దస్తావేజులు, ఈసీ, వంశవృక్షం లేదా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. భరణం కేసైతే పెళ్లి ఫోటో, శుభలేఖ, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఫీజు రసీదులు, భర్త పని గురించి తెలిసిన వివరాలు. ఈ చివరిది చిన్న విషయం కాదు. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం భరణం కేసులో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. ఆయన ఏ కంపెనీలో, ఏ బ్యాంకు బ్రాంచి ద్వారా జీతం తీసుకుంటున్నాడో మీ దగ్గర ఉంటే, ఆయన దాచిన ఆదాయాన్ని మీ లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలదీయగలుగుతారు. భరణం పిటిషన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద వేస్తారు, పాత చట్టంలో అదే 125వ సెక్షన్.

ఒరిజినల్స్ చూపించడానికి తీసుకెళ్లండి, ఇచ్చేది మాత్రం జిరాక్సులే.

దరఖాస్తు రాయడం

ఫారం ఫ్రంట్ ఆఫీసులో ఊరికే ఇస్తారు. నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) వెబ్‌సైటులో ఆన్‌లైన్‌గానూ పెట్టవచ్చు. 15100 నంబరుకు ఫోను చేస్తే దగ్గరి కార్యాలయం చెబుతారు, ఫోను ఉచితం. రాయడం రానివాళ్లు నోటితో చెబితే అక్కడి పారా లీగల్ వాలంటీరు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. వినిపించకుండా వేలిముద్ర వేయమంటే ఒప్పుకోవద్దు.

ఫారంలో అసలైన గడి ‘కేసు వివరాలు’. చాలామంది ఇక్కడ ‘నాకు అన్యాయం జరిగింది, న్యాయం చేయగలరు’ అని రాస్తారు. చదివే సంస్థ సెక్రటరీ సీనియర్ సివిల్ జడ్జి స్థాయి అధికారి. ఆయనకు కావాల్సింది ఎవరు, ఏది, ఎప్పుడు, ఇప్పుడేం కావాలి అన్నవే. ఇలా రాయండి:

‘మా నాన్నగారి పేరున సర్వే నంబరు ఫలానాలో 2 ఎకరాల 20 సెంట్ల భూమి ఉంది. ఆయన వీలునామా రాయకుండా 2019 మార్చిలో చనిపోయారు. వారసులం ముగ్గురం, నేనూ ఇద్దరు అన్నలూ. 2023లో అన్నలు మొత్తం భూమిని తమ పేర్లకు మార్పించుకున్నారు. నా భాగం అడిగితే ఇవ్వనన్నారు. భూమిని అమ్మబోతున్నట్లు తెలిసింది. నా మూడో వంతు కోసం భాగ పంపిణీ దావా, అమ్మకుండా ఇంజంక్షన్ పిటిషన్ వేయడానికి లాయరును ఇప్పించగలరు. ఇప్పటివరకు ఈ విషయంపై ఏ కోర్టులోనూ కేసు లేదు.’

ఎనిమిది వాక్యాలే, కానీ లాయరుకు దావా ముసాయిదా సగం చేతిలో పెట్టినట్టే. చివరి వాక్యం తప్పనిసరి. ఇదివరకే కేసు నడిచి ఉంటే దాని నంబరు దాచకుండా రాయండి. అబద్ధం చెప్పి సాయం పొందారని తర్వాత తేలితే దాన్ని వెనక్కి తీసుకుంటారు.

ఇచ్చిన దరఖాస్తు రెండో కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ‘మీరు వెళ్లండి, మేము ఫోను చేస్తాం’ అన్నా సరే, ముద్ర లేకుండా కదలవద్దు. 2010 నాటి నల్సా నిబంధనల ప్రకారం దరఖాస్తు మీద 7 రోజుల్లోపు నిర్ణయం తీసుకోవాలి. ఆ 7 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పేది ఆ ముద్రే.

తిరస్కరిస్తే కారణంతో కాగితం అడగండి. దాని మీద సంస్థ చైర్మన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. జిల్లా సంస్థకు చైర్మన్ జిల్లా జడ్జి.

లాయరు దొరికాక

కేటాయింపు ఉత్తర్వులో ప్యానెల్ లాయరు (సంస్థ జాబితాలోని లాయరు) పేరు, ఫోను నంబరు ఉంటాయి. రెండు రోజుల్లో కలవండి. మొదటిరోజు వకాల్తా (మీ తరఫున కేసు నడపడానికి లాయరుకిచ్చే అధికార పత్రం) మీద సంతకం పెడతారు. వకాల్తా తప్ప ఖాళీ తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టవద్దు, ‘తర్వాత టైపు చేయిస్తాం’ అన్నా సరే. దావాలో రాసిన ప్రతి పేజీనీ చదివించుకుని సంతకం పెట్టండి. సర్వే నంబరులో ఒక అంకె, హద్దుల్లో తూర్పు పడమరలు తారుమారైతే తర్వాత సవరణ పిటిషన్‌తో నెలలు పోతాయి.

డబ్బు గురించి: లాయరు ఫీజు, కోర్టు ఫీజు, సమన్లు పంపడానికి కట్టే బ్యాటా, సాక్షుల ఖర్చు, కాగితాల తయారీ, ఉత్తర్వుల నకళ్ల ఖర్చు సంస్థే భరించాలి. లాయరుకు ఫీజు దశలవారీగా సంస్థ నుంచి అందుతుంది. అందుకే ‘టైపింగ్‌కు ఐదొందలు’, ‘గుమాస్తాకు ఏదో చూసుకోండి’ అన్న మాట వస్తే మర్యాదగా, ‘నేను లీగల్ ఎయిడ్ కింద వచ్చానండి, సంస్థకు బిల్లు పెట్టండి’ అనండి. మళ్లీ అడిగితే తేదీ, అడిగిన మొత్తం రాసి సెక్రటరీకి ఫిర్యాదు ఇవ్వండి. నిబంధనల ప్రకారం ప్యానెల్ లాయరు మీ దగ్గర ఏమీ తీసుకోకూడదు.

బ్యాటా దగ్గర ఒక ప్రమాదం పొంచి ఉంది. దావా వేశాక ప్రతివాదికి సమన్లు పంపేందుకు బ్యాటా కట్టాలి. మామూలు కేసులో ఈ పని గుమాస్తా చూసుకుంటాడు. ఉచిత కేసులో సంస్థ చూస్తుందని లాయరూ, లాయరు చూస్తాడని సంస్థా అనుకుంటే ఎవరూ కట్టరు. బ్యాటా కట్టలేదని దావాను కొట్టేయవచ్చు. కాబట్టి దావాకు నంబరు పడిన వారంలోనే ‘బ్యాటా కట్టారా?’ అని ఇద్దరినీ అడగండి.

వాయిదాలను మీరే గమనించుకోవచ్చు. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో దాన్ని కొడితే తర్వాతి తేదీ, కేసు ఏ దశలో ఉందో, ముందు వాయిదాల్లో ఏం జరిగిందో కనిపిస్తాయి. వాది తరఫున ఎవరూ రాక కేసు ‘డిఫాల్ట్’ కింద కొట్టివేతకు గురైతే, పునరుద్ధరణ పిటిషన్‌కు 30 రోజులే. యాప్‌లో నెలకు ఒక్కసారైనా చూసుకునేవాళ్లకు ఇది తెలుస్తుంది. చూడనివాళ్లకు ఏడాది తర్వాత తెలుస్తుంది.

లాయరు ఫోను ఎత్తకపోవడం, వరుసగా రెండు మూడు వాయిదాలకు రాకపోవడం జరిగితే మార్చమని సెక్రటరీకి రాయండి. వాయిదా తేదీలు, యాప్ స్క్రీన్ ప్రింట్ జతచేయండి. ‘లాయరు సరిగా చూడటం లేదు’ అన్న ఒక్క ముక్క కంటే తేదీల పట్టీకి బలం ఎక్కువ. కొత్త లాయరుకు వకాల్తా ఇవ్వడానికి పాత లాయరు ‘అభ్యంతరం లేదు’ అని సంతకం చేయాలి, దాన్ని సంస్థ ద్వారానే తెప్పించుకోండి. సంస్థకు చెప్పకుండా సొంతంగా మరో లాయరును పెట్టుకుంటే ఉచిత సాయం ఆగిపోతుంది. లాయరు పిలిచినప్పుడు వెళ్లకపోయినా అంతే.

ఇంకో మాట. ఓడిపోతే ఎదుటివాళ్ల ఖర్చులు కట్టమని కోర్టు ఆదేశించవచ్చు. ఉచిత లాయరు ఉన్నంత మాత్రాన ఆ బాధ్యత పోదు.

లోక్ అదాలత్‌లో రాజీ

మీ కేసును ఏదో ఒక దశలో లోక్ అదాలత్‌కు పంపవచ్చు. అక్కడ ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు. లేదంటే కేసు తిరిగి కోర్టుకే వస్తుంది, నష్టం లేదు. రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. అవార్డు డిక్రీతో సమానం.

అయితే ఆ అవార్డు మీద అప్పీలు లేదు. మోసంతో రాయించారని చెప్పి హైకోర్టులో రిట్ వేయడం తప్ప దారి ఉండదు. అందుకని సంతకానికి ముందు మూడు చూడండి: ఎంత మొత్తం, ఏ తేదీకి, కట్టకపోతే ఏమవుతుంది. ‘త్వరలో చెల్లిస్తారు’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ‘ఫలానా తేదీలోపు ఫలానా ఖాతాలో, తప్పితే ఇంత వడ్డీతో’ అని రాయించండి. భూమి రాజీలో హద్దులు, విస్తీర్ణం, వీలైతే స్కెచ్ ఉండాలి. ఆ రోజు నిర్ణయించుకోలేకపోతే తర్వాతి వాయిదా అడగడంలో తప్పేమీ లేదు.

కరెంటు, నీళ్లు, ఫోను, తపాలా, రవాణా, ఆసుపత్రి, బీమా సంస్థలతో వివాదమైతే శాశ్వత లోక్ అదాలత్ అని వేరే వేదిక ఉంది. కోర్టుకు వెళ్లకముందే అక్కడ దరఖాస్తు పెట్టాలి. కోటి రూపాయల విలువ దాకా తీసుకుంటుంది, కోర్టు ఫీజు లేదు. ఎదుటివాళ్లు రాజీకి రాకపోయినా విచారించి తీర్పు చెప్పే అధికారం దానికి ఉంది. మామూలు లోక్ అదాలత్‌కు అది లేదు. బీమా క్లెయిమ్ నిరాకరణకు ఈ దారి బాగా పనికొస్తుంది, తెలిసినవాళ్లే తక్కువ. మీ జిల్లాకు అది ఎక్కడ కూర్చుంటుందో న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

సంస్థ కాదంటే

కోర్టు ఫీజు ఒక్కటే అడ్డమైతే సీపీసీ ఆర్డర్ 33 కింద ‘నిర్ధన వాది’గా దావా వేయడానికి అనుమతి కోరవచ్చు. జప్తుకు వీల్లేని ఆస్తినీ, దావాలో ఉన్న ఆస్తినీ పక్కనపెట్టి, కోర్టు ఫీజు కట్టే స్తోమత ఉందా లేదా అన్నది చూస్తారు. మీ ఆస్తుల పట్టీ జతచేయాలి. ఎంత చిన్నదైనా అందులో ఏదీ వదలవద్దు. ఎదుటి లాయరు వెతికేది దాన్నే. గెలిస్తే కోర్టు ఫీజును తర్వాత వసూలు చేస్తారు.

తీర్పు వచ్చిన రోజు

గెలిచినా ఓడినా అదే రోజు తీర్పు, డిక్రీల సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టించండి. జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. కాపీ తయారవడానికి కోర్టుకు పట్టిన రోజులు ఈ లెక్కలోంచి తీసేస్తారు, మీరు కాపీ అడగకుండా గడిపిన రోజులు తీసేయరు. అప్పీలుకు ఉచిత లాయరు కావాలంటే మళ్లీ దరఖాస్తు పెట్టాలి, పాత ఉత్తర్వు సరిపోదు. హైకోర్టుకైతే హైకోర్టు న్యాయ సేవల కమిటీకి. జిల్లా సంస్థ నుంచే అక్కడికి పంపించుకోవచ్చు. కింది కోర్టు తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం కావాల్సి వస్తుంది కాబట్టి ఫైలు మొత్తం జిరాక్సు చేయించి ఉంచండి.

గెలిచాక ఎదుటివాళ్లు డబ్బు కట్టకపోతే, స్వాధీనం ఇవ్వకపోతే ఈ.పీ. (డిక్రీ అమలు పిటిషన్) వేయాలి. దీనికీ ఉచిత లాయరును అడగవచ్చు. ఈ.పీ.కి 12 ఏళ్ల గడువు. ఫలానా పని చేసి తీరాలన్న ఇంజంక్షన్ డిక్రీకైతే 3 ఏళ్లే. డబ్బు డిక్రీలో ఈ.పీ. వేసేటప్పుడు ఎదుటివాళ్ల ఆస్తుల వివరం, జీతం వస్తుంటే ఆఫీసు చిరునామా మీరే ఇవ్వాలి, కోర్టు వెతికిపెట్టదు.